పాత బస్సు – కొత్త ఇల్లు

(ఒమన్ దేశంలోని బర్కాలో తెలుగు తరగతి విద్యార్థుల నుద్దేశించి ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని మనకొక సామెత ఉన్నది. మనిషి దశ ఎప్పుడు ఎలా మారుతుందో చెప్పలేమని దాని భావం. ఈనాడు నేను ఆ సామెతను అక్షరాలా పట్టుకొని, నిజంగానే ఒక బండిని గురించి మీతో ముచ్చటించదలచాను. ఆ బండి మీకు కొత్తది కాదు. రోజూ ఉదయం మిమ్మల్ని ఎక్కించుకొని బడికి చేర్చే పసుపుపచ్చ బస్సే అది. ఆ బస్సుకు వయసు మీరిన తరువాత దానిని మనుషులు కాపురముండే ఇల్లుగా మార్చవచ్చునా? మార్చాలంటే ఏమేమి తెలిసి ఉండాలి? ఇదీ నేటి విషయం.

సీట్లు ఊడదీసి మంచం వేస్తే బస్సు ఇల్లయిపోతుందని చాలామంది అనుకొంటారు. అంత సులభమైతే మన పెద్దలు "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని ఎందుకంటారు? బస్సును ఇల్లు చేయడం కూడా ఇల్లు కట్టడమే. దానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ వస్తువును మొదట ఎందుకోసం తయారుచేశారు? ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాడే దానిని మరొక పనికి మార్చగలడు. తెలియనివాడు మంచి బస్సునూ పోగొట్టుకొంటాడు, మంచి ఇల్లూ పొందలేడు.

కాబట్టి ముందుగా బస్సు కథ తెలుసుకొందాం. పూర్వం అమెరికాలో పల్లెటూరి పిల్లలను గుర్రపు బండ్లలో బడికి తీసుకొని పోయేవారు. తరువాత మోటారు బండ్లు వచ్చాయి. కాని ఒక్కొక్క ఊరి బండి ఒక్కొక్క తీరుగా, ఒక్కొక్క రంగులో ఉండేది. 1939లో న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు ఒక సభ ఏర్పాటుచేశాడు. బస్సు కొలతలు ఎలా ఉండాలి, రంగు ఏది కావాలి అనే విషయాలను ఆ సభలో నిర్ణయించారు. రంగు పసుపుపచ్చ అని తేలింది. ఎందుకంటే తెల్లవారుజామున, మునిమాపు వేళ మసక వెలుతురులో కూడా ఆ రంగు దూరానికి కనబడుతుంది. దానిమీద రాసిన నల్లని అక్షరాలు స్పష్టంగా తెలుస్తాయి. అంటే ఆ రంగు అందం కోసం వచ్చింది కాదు, మీ ప్రాణరక్షణ కోసం వచ్చింది. అదే విధంగా బస్సు చుట్టూ ఉన్న ఉక్కు పక్కటెముకలు, వెనుకనున్న అత్యవసర ద్వారం కూడా మీ రక్షణకే.

కదిలే ఇల్లు అనే ఆలోచన మనకు కొత్తదా? కాదు. అరబ్బు ఎడారులలో బెదూయిన్లు మేకవెంట్రుకలతో నేసిన డేరాలలో నివసించేవారు. నీరూ పచ్చికా ఎక్కడ ఉంటే డేరా అక్కడికి పోయేది. మన దక్కను పీఠభూమిలో లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోపించుకొని ఊరూరా తిరిగేవారు. వారు దిగిన చోటే తండా. పశువు వీపు మీద మోయగలిగినదే వారి ఇల్లు, సంసారం. బరువు పెరిగితే ప్రయాణం ఆగుతుందని వారికి బాగా తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

పాత స్కూలు బస్సును ఇల్లుగా మార్చడం అమెరికాలో చాలాకాలంగా ఉన్నది. కెన్ కీసీ అనే రచయిత 1964లో, 1939 నాటి ఒక పాత స్కూలు బస్సులో మిత్రులతో కలిసి కాలిఫోర్నియా నుండి న్యూయార్కు వరకు ప్రయాణం చేశాడు. ఇప్పుడు అక్కడ కొందరు విహారానికి, మరికొందరు ఇంటి అద్దెలు భరించలేక ఇటువంటి బస్సుల్లో నివసిస్తున్నారు.

మన దేశంలో పాత బస్సులు కొన్ని ప్రజాసేవకు ఉపయోగపడ్డాయి. తెలుగు నేలలో ప్రభుత్వ బస్సుల చరిత్ర 1932 జూన్ నెలలో మొదలైనది. నిజాం రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆ సేవను ప్రారంభించారు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. మన తాతలు, తండ్రులు చదువుకు, పెళ్ళికి, వైద్యానికి ఆ ఎర్రబస్సుల్లోనే ప్రయాణించారు. 2020లో తెలంగాణ ఆర్టీసీ తన పాత బస్సులను కొన్నింటిని సరుకులు మోసే బండ్లుగా మార్చింది. అదే సంవత్సరం కరోనా కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో ఇంద్ర బస్సులు కొన్ని "సంజీవని" అనే పేరుతో సంచార పరీక్షా కేంద్రాలయ్యాయి.

ఇక బస ఏర్పాటుకు కేరళను చూడాలి. 2020 నవంబరులో ఆ రాష్ట్ర ఆర్టీసీ వారు మున్నారు డిపోలో పాత బస్సులలో పడకలు అమర్చారు. ఒక్కొక్క బస్సులో 16 పడకలు. మొదలుపెట్టిన రోజుల్లో ఒక పడకకు రాత్రికి 100 రూపాయలు మాత్రమే తీసుకొన్నారు. ఖరీదైన హోటళ్ళలో దిగలేని సామాన్య యాత్రికునికి అది ఎంత మేలు! 2022లో తిరువనంతపురంలో పాత లోఫ్లోర్ బస్సులు ఒక ప్రభుత్వ పాఠశాలకు తరగతి గదులయ్యాయి. పిల్లలను బడికి చేర్చే బండి బడిగా మారిందన్నమాట! ఇక్కడ ఒక సంగతి గమనించండి. మున్నారులోని పడకల బస్సు బస చేసినవారితో ఊళ్ళు తిరగదు, ఒక చోట నిలిచి ఉంటుంది. ఇంజను అలసిపోయినా, దాని గోడలూ కప్పూ ఇంకా కొన్నేళ్ళు పనికివస్తాయి.

విద్యార్థులారా! ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. బస్సు దేనికి? మనం గంటసేపు కూర్చొని ప్రయాణం చేయడానికి. అది కదులుతూ ఉంటుంది, గాలి ఆడుతుంది. గమ్యం చేరగానే దిగిపోతాం. ఇల్లు దేనికి? రాత్రంతా పడుకోవడానికి, వండుకోవడానికి, స్నానం చేయడానికి. అది నిలిచి ఉంటుంది. అందులో నిప్పు ఉంటుంది, నీరు ఉంటుంది, నిద్రపోయే మనిషి ఉంటాడు. ఈ తేడాలను ఒక్కొక్కటిగా సరిచేయడమే బస్సును ఇల్లు చేయడం.

మొదటిది ఎండ. బర్కాలో ఉండేవారికి ఎండను గురించి నేను చెప్పనక్కరలేదు. ఈ దేశంలో జూన్ నుండి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుండి 3:30 వరకు ఆరుబయట కూలిపని చేయించరాదని చట్టమే ఉన్నది. మస్కట్‌కు ఆవల సముద్రతీరాన ఉన్న ఖురయ్యాత్ పట్టణంలో 2018 జూన్ 26న, ఇరవై నాలుగు గంటలలో అతి తక్కువ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు! అర్ధరాత్రి కూడా అంతకు తగ్గలేదు. ఇటువంటి చోట రేకుడబ్బా వంటి బస్సులో కాపురం పెడితే ఏమవుతుంది?

అద్దాలలోంచి వచ్చిన ఎండ సీట్లను, నేలను వేడెక్కిస్తుంది. అవి లోపలి గాలిని కాలుస్తాయి. తలుపులు మూసి ఉంటే ఆ గాలి బయటికి పోలేదు. బయట కేవలం 22 డిగ్రీలున్న రోజున కూడా, మూసిన కారు లోపల గంటలో 45 డిగ్రీలు దాటుతుందని అమెరికాలో చేసిన పరీక్షలలో తేలింది. ఆ పెరుగుదలలో చాలా భాగం మొదటి అరగంటలోనే జరుగుతుంది. 2022 సెప్టెంబరులో ఖతర్ దేశంలోని అల్ వక్రాలో ఒక పసిపాప బడి బస్సులో నిద్రపోయింది. ఆమె లోపల ఉన్నదని చూడకుండానే తలుపులు మూశారు. నాలుగో పుట్టినరోజు నాడే ఆ పాప కన్నుమూసింది. కాబట్టి ఎండలో నిలిపిన బస్సును ఇల్లనుకొని పొరపాటున కూడా అందులో ఆడుకోకండి, దాగుడుమూతలకు అందులో దూరకండి. ఎండను జయించే ఏర్పాట్లు చేసేదాకా అది ఇల్లు కాదు, పొయ్యి.

మరి ఆ ఏర్పాట్లేమిటి? వాటిని మన పెద్దలూ, ఈ ఊరి పెద్దలూ ఎప్పుడో కనిపెట్టారు. ఈ బాతినా తీరంలో ఖర్జూర మట్టలతో కట్టిన ఇళ్ళుండేవి. వాటిని అరీష్ అంటారు. మట్టల సందుల్లోంచి సముద్రపు గాలి లోపలికి వస్తుంది, ఎండ మాత్రం రాదు. మన కోస్తా జిల్లాల్లో వేసవి రాగానే ఇంటి ముందు తాటాకు పందిరి వేస్తారు. అరీష్, పందిరి రెండూ చెప్పే సూత్రం ఒకటే. ఎండను గోడకు తగలకముందే ఆపాలి.

బస్సుకూ అదే చేయాలి. పైకప్పుకు తెల్లరంగు వేయాలి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చినది ఈ సూత్రం మీదనే. కప్పు మీద జానెడు ఎత్తులో సౌరఫలకాలు అమరిస్తే, అవి కరెంటూ ఇస్తాయి, పందిరిలాగా నీడా ఇస్తాయి. కిటికీలకు లోపలి తెర కంటే బయటి తడిక మేలు. లోపలి తెర దాకా వచ్చిన వేడి ఇంట్లోకి వచ్చినట్టే కదా! ఉక్కు పక్కటెముకల నడుమ వేడిని ఆపే నురుగు పలకలు బిగించి, వాటిమీద ప్లైవుడ్ కొట్టాలి. వేడిగాలి పైకి పోతుంది కనుక కింద గాలి వచ్చే దారి, పైన గాలి పోయే దారి పెట్టాలి. ఇవన్నీ చేసిన తరువాతనే ఏసీ. ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు ఒక యూనిట్ కరెంటు తాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు ఎన్ని యూనిట్లో లెక్కవేయండి. అంత కరెంటు దాచే బ్యాటరీలు ఎంత బరువో, ఎంత ఖరీదో ఆలోచించండి. ముందు నీడ, తరువాత గాలి, చివరకు యంత్రం. ఇదే క్రమం.

రెండవది బరువు. లంబాడీల మాట గుర్తున్నదా? బస్సు లోపల సుమారు 9 మీటర్ల పొడవు, 2.3 మీటర్ల వెడల్పు ఉన్నదనుకొందాం. హెచ్చవేస్తే 20.7 చదరపు మీటర్లు, అంటే దాదాపు 25 చదరపు గజాలు. చిన్న గదే అయినా, ఆశ పెద్దది. ఒకరు గ్రానైట్ అరుగు కావాలంటారు, మరొకరు పెద్ద బీరువా కావాలంటారు. యాభై మంది పిల్లలు, ఒక్కొక్కరు 35 కిలోలైతే 1750 కిలోలు. ఆ బరువుకూ, సీట్ల బరువుకూ తగినట్టు ఆ బస్సును తయారుచేశారు. ఒక లీటరు నీరు ఒక కిలో. 300 లీటర్ల తొట్టి నింపితే 300 కిలోలు అక్కడే పోయాయి. బరువంతా ఒక పక్కకు చేరితే మలుపులో బండి ఒరుగుతుంది. కనుక బరువైనవి నేలకు దగ్గరగా, రెండు వైపులా సమానంగా ఉండాలి. కావడి మోసేవాని తెలివే ఇది.

మూడవది తుప్పు, వయసు. సీట్లు తీసిన తరువాత నేల మీది చెక్కను తప్పక లేపి చూడాలి. దాని కింద రేకు తుప్పు పట్టి ఉండవచ్చు. బర్కా వంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి వల్ల ఇది మరీ ఎక్కువ. తుప్పును గీకి, రంధ్రాలు పూడ్చి, తుప్పు పట్టని రంగు వేసి ఆ తరువాతే కొత్త నేల పరచాలి. పైన పట్టుపరుపు, లోన పుచ్చు అన్నట్టు ఉండకూడదు. టైరు అరగలేదని నమ్మరాదు. వాడకున్నా రబ్బరుకు వయసు వస్తుంది. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. మన దేశంలో 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుండి రోడ్డు మీద తిరగనివ్వడం లేదు. బ్రేకులు నమ్మలేని బస్సును నడిపే ఇల్లు చేయడం కంటే నిలిచి ఉండే ఇల్లు చేయడమే వివేకం.

నాలుగవది నిప్పు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. కారితే పొగలాగా పైకి పోదు, నేలమీద నీరులాగా పరుచుకొంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి. కాబట్టి సిలిండరును పడకల దగ్గర పెట్టరాదు. బయటినుంచి తెరిచే వేరు అర, దాని అడుగున గాలి పోయే రంధ్రం ఉండాలి. ఇక వెనుకనున్న అత్యవసర ద్వారం! బస్సును ఇల్లుగా మార్చేవారు స్థలం కలిసివస్తుందని దానికి అడ్డంగా మంచం వేయవచ్చు. అటువంటి పని చేయకూడదు. మిమ్మల్ని కాపాడడానికి పెట్టిన తలుపు అది. బస్సు ఇల్లయినా ఆ తలుపు తన పని మానరాదు.

అయిదవది చోటు, చట్టం. చక్రాలున్నాయి కదా అని ఎక్కడ పడితే అక్కడ నిలపవచ్చునా? మీకు వాదీలు తెలుసు. ఎప్పుడూ ఎండి ఇసుకతో ఉంటాయి. కొండల్లో వాన పడితే ఇక్కడ మబ్బు లేకపోయినా ఏరై పారుతాయి. 2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను ఈ బాతినా తీరాన్నే తాకింది. సువైక్, ఖాబూరా ప్రాంతాలలో ఎంతో నష్టం జరిగింది. వాదీలో నిలిపిన బస్సు ఇల్లు కాదు, కాగితపు పడవ. వాడిన మురికినీటిని సముద్రపు ఒడ్డున పారబోయరాదు, దానికి వేరే తొట్టి ఉండాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా వాహనం రూపం మార్చరాదు. ఒమన్‌లో వాహనాల రిజిస్ట్రేషను రాయల్ ఒమన్ పోలీసుల చేతిలో ఉన్నది. ముందు వారిని అడగాలి, తరువాతనే పనిముట్టు పట్టాలి. పసుపు రంగునూ, స్కూలు బస్సు అనే అక్షరాలనూ తీసివేయాలి. పిల్లలు లేని బండి పిల్లల బండి వేషం వేసుకొని తిరిగితే రోడ్డు మీద అందరూ మోసపోతారు.

విద్యార్థులారా! ఇంతవరకు చెప్పిన పనులన్నీ ఎవరు చేస్తారో ఆలోచించారా? తుప్పు రేకు కోసి అతికేవాడు వెల్డరు. అరలు చేసేవాడు వడ్రంగి. తీగలు లాగేవాడు ఎలక్ట్రీషియను. తొట్టి, పంపులు అమర్చేవాడు ప్లంబరు. బ్రేకు చూసేవాడు మెకానిక్కు. ఈ గల్ఫు దేశాలలో మన కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి వచ్చినవారు చేస్తున్న పనులు ఇవే కదా! మీలో ఎందరో ఇటువంటి వారి బిడ్డలు. "మా నాన్నగారు వెల్డింగు పని చేస్తారు" అని చెప్పడానికి కొందరు పిల్లలు జంకుతారు. జంకవలసిన పని లేదు. పనికిరాదని అందరూ వదిలేసిన ఇనుములో ఇల్లు చూడగల కన్ను, దానిని ఇల్లు చేయగల చెయ్యి ఎంతమందికి ఉంటాయి? ఈ సాయంత్రం ఇంటికి పోయి మీ నాన్నగారిని అడగండి. "నాన్నా, బస్సును ఇల్లు చేయాలంటే నీ పని ఎక్కడ వస్తుంది?" అనండి. ఆయన చెప్పింది తెలుగులో ఒక పేజీ రాయండి. ఆయన వాడే పనిముట్ల పేర్లన్నీ అందులో రావాలి. ఏ పుస్తకంలోనూ లేని పాఠం అది.

మరొక్క మాట. పరదేశంలో ఉన్నవారి ఇల్లు చక్రాల మీద ఉన్నట్టే ఉంటుంది. నాన్నగారి ఉద్యోగం మారితే ఊరు మారుతుంది, బడి మారుతుంది, స్నేహితులు మారతారు. దానికి దిగులుపడకండి. గోడ ఇటుకదైనా, రేకుదైనా, డేరా గుడ్డదైనా, లోపల నిద్రపోయేవారిని ఎవరో ఒకరు మెలకువతో కనిపెట్టుకొని ఉంటే అదే ఇల్లు. అలా కనిపెట్టి చూసే మనిషి లేనప్పుడు పాలరాతి మేడ కూడా ఇల్లు కాదు.

మీ బస్సు ఇల్లుగా మారడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టవచ్చు. అయినా ఇంటికి ఉండవలసిన ఆ గుణాన్ని ఈనాడే దానికి మీరు ఇవ్వవచ్చు. రేపటి నుండి బస్సు దిగేటప్పుడు ఒక్కసారి వెనుదిరిగి చూడండి. చివరి సీట్లో ఏ చిన్న తమ్ముడో, చెల్లెలో నిద్రపోతున్నారేమో గమనించండి. ఉంటే లేపి, చెయ్యి పట్టుకొని దించండి. డ్రైవరుగారికి చెప్పండి. ఇది పెద్దవారి పనే. అయినా మీ చూపు కూడా తోడైతే ఒక ప్రాణం నిలుస్తుంది.